పొత్తు కరెంటు, సొంత కరెంటు



నడినెత్తిన ఎండ కాస్తూ వుంటుంది. షెడ్డు మీద సౌరపలకలు తళతళలాడుతూ వుంటాయి. అయినా మోటారు తిరగదు. ఏమిటయ్యా సంగతి అంటే, లైనులో కరెంటు పోయిందండీ అంటారు. ఎండకు, లైనుకు సంబంధం ఏమిటి? సూర్యుడు మన నెత్తిమీదే వున్నాడు గదా, మోటారు ఎందుకు ఆగాలి? ఈ ప్రశ్న అడగని రైతు వుండడు. దీనికి జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు గాని, ఆ మాట మనసుకు పట్టాలంటే కరెంటు మన పల్లెలకు వచ్చిన చరిత్ర కొంత తిరగవేయాలి. పొత్తులో వుండే కరెంటు ఎలా పుట్టింది, సొంతంగా నిలబడే కరెంటు ఎలా పుట్టింది, ఈ రెంటి మధ్యా అటూ యిటూ మారే ఇన్వర్టరు ఎలా వచ్చింది, ఈ మూడు సంగతులూ ఈవేళ ముచ్చటించుకుందాం.

మొదట్లో కరెంటు అంతా సొంత కరెంటే. ఏ పట్టణానికి ఆ పట్టణం ఒక ఇంజను పెట్టుకుని, నాలుగు వీధులకు దీపాలు వెలిగించుకునేది. ఆ ఇంజను ఆగితే ఆ పట్టణమే చీకటి. పక్క పట్టణానికి తెలియను కూడా తెలియదు. కృష్ణలో లంక గ్రామాలు చూశారు గదా, వరద వస్తే దేని బతుకు దానిది. అలాగే ప్రతి పట్టణమూ కరెంటు విషయంలో ఒక లంక.

1955లో మచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమయింది. ఎక్కడో ఒరిస్సా సరిహద్దు కొండల్లో నీరు దూకితే కోస్తా జిల్లాల్లో మిల్లు తిరిగింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చి పల్లెలకు లైన్లు వేయడానికి అప్పులివ్వసాగింది. ఆ సంస్థ సాయంతో దేశంలో మొట్టమొదట ఏర్పడిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో మన సిరిసిల్ల సంఘం ఒకటి. తీగలు, స్తంభాలు రైతుల సంఘానివే అయినా, వాటిలో పారే కరెంటు మాత్రం పెద్ద పొత్తులోంచి వచ్చినదే. ఆ పొత్తునే గ్రిడ్డు అంటున్నాం.

పొత్తు సేద్యం ఎరిగిన మీకు దీని లాభం వేరే చెప్పనక్కరలేదు. ఒకరి దగ్గర తక్కువైతే మరొకరు ఆదుకుంటారు. అయితే పొత్తుకు ఒక కట్టుబాటు వుంది. మనం వాడే కరెంటు ఒకే దిక్కున పారేది కాదు. సెకనుకు 50 మార్లు అటూ యిటూ వూగుతుంది. పొత్తులో వున్న జనరేటర్లన్నీ ఒకే తాళానికి వూగాలి. భజనలో తాళం తప్పిన వాడిని పక్కన కూర్చోమంటారు గదా, ఇక్కడా అంతే.

ఈ తాళానికీ, బరువుకీ దగ్గర సంబంధం వుంది. బండికి జోడెడ్లు కట్టారనుకోండి. ఎత్తు రాగానే రెండెడ్లూ కాస్త నెమ్మదిస్తాయి. గ్రిడ్డు కూడా అంతే. వాడకం ఎక్కువై వుత్పత్తి చాలకపోతే జనరేటర్లు నెమ్మదించి, 50 వుండవలసిన తాళం 49కి, ఇంకా కిందికి దిగుతుంది. 1990లలో దక్షిణ గ్రిడ్డు తాళం 48.5కు దిగువన నడిచిన రోజులు ఎన్నో వున్నాయి. వోల్టేజి కూడా పడిపోయి బోరుబావుల దగ్గర మోటార్లు కాలిపోయిన సంగతి మిరప, పత్తి పండించిన పెద్దలకు గుర్తుండే వుంటుంది. తాళం దిగినప్పుడు ఎక్కువ లాగేవారికి ఎక్కువ ధర పడే లెక్క 2003 జనవరిలో దక్షిణాదిన అమలులోకి వచ్చింది. ఆ తర్వాతనే పరిస్థితి కుదుటపడింది.

పొత్తు పెద్దదయిన కొద్దీ బలమూ పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. 2012 జులై 30న ఉత్తరాది గ్రిడ్డు కుప్పకూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలి, 60 కోట్లకు పైగా జనం వున్న ప్రాంతాలు చీకటిపాలయినాయి. ఆనాడు మనకు దీపం ఆరలేదు. ఎందుకంటే దక్షిణ గ్రిడ్డు అప్పటికింకా ఉత్తరాదితో తాళం కలపలేదు. ఒక విధంగా దక్షిణాది అంతా పెద్ద లంక. ఇచ్చిపుచ్చుకోవడం లేదా అంటే, వుంది. విశాఖపట్నం దగ్గర గాజువాకలో ఒక కేంద్రం పెట్టారు. దాని మొదటి భాగం 1999లో, రెండోది 2005లో పనిలోకి వచ్చాయి. తూర్పు గ్రిడ్డునుంచి వచ్చిన కరెంటును అక్కడ ఒకే దిక్కున పారే కరెంటుగా మార్చి, మళ్ళీ మన తాళంలో వూగే కరెంటుగా మార్చి పంపుతారు. మధ్యలో తాళం తెగిపోయింది గనుక అక్కడి జబ్బు ఇక్కడికి అంటలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను ద్వారా దక్షిణాది కూడా తాళం కలిపింది. నాటినుంచి దేశమంతా ఒకే పొత్తు.

గాజువాకలో ఒక దిక్కు కరెంటును వూగే కరెంటుగా మార్చే భాగానికే ఇన్వర్టరు అని పేరు. మీ షెడ్డులో గోడకు తగిలించిన డబ్బా దానికి చిన్న తమ్ముడు. ఈ పేరును అమెరికాలో డేవిడ్ ప్రిన్స్ అనే ఇంజనీరు 1925లో ఒక వ్యాసంలో వాడి ప్రచారంలోకి తెచ్చాడు. అప్పట్లో ఆ పనికి గాజు బుడ్ల వంటి గొట్టాలు కావలసివచ్చేవి. 1957లో థైరిస్టరు అనే గట్టి స్విచ్చి వచ్చింది. 1980ల మొదట్లో మద్రాసులో పుట్టి, అక్కడి ఐ.ఐ.టి.లో చదువుకున్న బి. జయంత్ బాలిగా అమెరికాలో ఐ.జి.బి.టి. అనే స్విచ్చిని రూపొందించాడు. సెకనుకు వేలసార్లు వేసి తీయగల స్విచ్చి యిది. తూము తలుపును గబగబా ఎత్తి దించుతూ కాలువలో కావలసిన అల పుట్టించినట్టు, ఈ స్విచ్చి ఒక దిక్కు కరెంటునుంచి వూగే కరెంటును మలుస్తుంది. నేటి పెద్ద సౌర ఇన్వర్టర్లలో చాలావాటికి గుండెకాయ ఇదే.

ఇక మన పల్లెల్లో ఇన్వర్టరు అంటే చాలామందికి తెలిసినది బ్యాటరీ మీద ఫ్యాను, దీపం నడిపే పెట్టె. కరెంటు పోతే ఇంటిని లైనునుంచి విడదీసి, బ్యాటరీతో నడిపిస్తుంది. కరెంటు వస్తే మళ్ళీ లైనుకు కలుపుతుంది. అది లైనులోకి చుక్క కరెంటయినా పంపదు. సౌరపలకలకు కట్టే గ్రిడ్డు ఇన్వర్టరు తీరు వేరు. అది మిగులు కరెంటును లైనులోకి పంపుతుంది. కాని తాళం తనంతట తాను వేయదు. లైనులోని తాళం విని, దానికి వంతపాడుతుంది. ముందుపాట ఆగితే వంతపాట కూడా ఆగవలసిందే. ఎండ వున్నా మోటారు ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు జవాబు ఇదీ.

అయితే దానిని ఆపడం చేతగానితనం వల్ల మాత్రమే కాదు. ప్రాణరక్షణ కోసం కూడా. లైన్‌మన్ సబ్‌స్టేషనులో లైను కట్టించి స్తంభం ఎక్కుతాడు. ఊళ్ళో ఒక ఇన్వర్టరు మాత్రం ఆగకుండా లైనులోకి కరెంటు పంపుతున్నదనుకోండి. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరులోకి వెనక్కి నడుస్తుంది. పైనుంచి 11,000 వోల్టులను 433 వోల్టులకు దించే ఆ ట్రాన్స్‌ఫార్మరే, కిందినుంచి వచ్చినదాన్ని మళ్ళీ 11,000 దాకా ఎత్తుతుంది. పైన వున్న మనిషి ఏమవుతాడో చెప్పనక్కరలేదు. ఛేంజోవరు స్విచ్చి లేకుండా డీజిలు జనరేటరును ఇంటి తీగలకు కలిపినా ఇదే ప్రమాదం.

అందుచేత 1980లనుంచి జపాన్‌లోనూ, అమెరికాలోనూ దీని మీద పరీక్షలు సాగాయి. లైను చచ్చిందా బతికివుందా అని ఇన్వర్టరు ఎలా కనిపెట్టాలి? వోల్టేజి, తాళం కొలవడం ఒక పద్ధతి. ఇన్వర్టరే తాళాన్ని రవంత అటూ యిటూ నెట్టి చూడడం మరో పద్ధతి. పెద్ద గ్రిడ్డు ఆ నెట్టుకు కదలదు. చచ్చిన లైను కదులుతుంది. తాళ్ళతో కట్టిన గుంజను వూపి చూసినట్టన్నమాట. 2003లో అమెరికా విద్యుత్ ఇంజనీర్ల సంస్థ 1547 నెంబరు ప్రమాణం తెచ్చి, లైను పోయిన 2 సెకన్లలో ఇన్వర్టరు విడిపోవాలని నియమం పెట్టింది. మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చిన్న వుత్పత్తిదారుల కోసం ఇచ్చిన నిబంధనలలో కూడా ఈ రక్షణ వుంది.

ఇంతలో మరో చిక్కు బయటపడింది. ఇన్వర్టర్లు పదీ ఇరవై వున్నప్పుడు అవి ఆగితే ఎవరికీ నష్టం లేదు. లక్షల్లో వున్నప్పుడు అన్నీ ఒక్కసారి ఆగితే గ్రిడ్డే కూలవచ్చు. జర్మనీలో తాళం 50.2కు చేరగానే ఇన్వర్టర్లన్నీ ఒక్కమారు విడిపోయేలా అమర్చి వుంచారు. ఆ ప్రమాదం గ్రహించి 2012నుంచి పాతవాటిని కూడా సరిదిద్దించారు. 2018లో పైన చెప్పిన 1547 ప్రమాణాన్ని కూడా మార్చి, చిన్నపాటి వొడిదుడుకులకు విడిపోకుండా ఓర్చుకోవాలని, వోల్టేజి నిలబెట్టడంలో సాయం చెయ్యాలని చెప్పారు. ఇలా ఓర్పు, వివేకం నేర్చిన ఇన్వర్టరునే తెలివైన ఇన్వర్టరు అంటున్నారు.

మరి సొంతంగా తాళం వేయగల ఇన్వర్టరు మాటేమిటి? ఒక్కటే వుంటే ఏ తాళం వేసినా చెల్లుతుంది. నాలుగు ఇన్వర్టర్లు కలిసి ఒక ఊరిని నడపాలంటే బరువు ఎవరు ఎంత మోయాలి? వాటిమధ్య సందేశాల తీగ తెగిపోతే ఎలా? 1993లో ముకుల్ చందోర్కర్, దీపక్ దివాన్, ఆదాప రాంబాబు అనే ముగ్గురు ఇంజనీర్లు దీని మీద ఒక పరిశోధనా పత్రం ప్రకటించారు. మూడో పేరులో మన తెలుగు ఇంటిపేరు వుండడం మనకు సంతోషం. వారు చూపిన వుపాయం జోడెడ్ల వుపాయమే. బరువు పెరిగిన కొద్దీ ప్రతి ఇన్వర్టరూ తన తాళాన్ని కొంచెం దించాలి. తాళం అందరికీ ఒక్కటే గనుక, ఎవరు ఎక్కువ మోస్తున్నారో, ఎవరు తక్కువ మోస్తున్నారో తీగ లేకుండానే తేలిపోతుంది. బరువు సత్తువను బట్టి పంచబడుతుంది. 2002లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు రాబర్ట్ లాసెటర్, ఆయన తోటివారు ఇలాంటి చిన్న పొత్తుకు మైక్రోగ్రిడ్ అనే పేరుతో ఒక రూపురేఖ ఇచ్చారు. మామూలు రోజుల్లో పెద్ద గ్రిడ్డుతో పొత్తు; ఆపద వస్తే విడిపోయి సొంతం; ఆపద తీరాక మళ్ళీ పొత్తు.

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, ఉప్పెన వచ్చినప్పుడు దీనికి పరీక్ష జరిగింది. సెండాయ్ పట్టణంలో ఒక విశ్వవిద్యాలయం దగ్గర అటువంటి చిన్న గ్రిడ్డు వుంది. పెద్ద గ్రిడ్డు పోయింది. గ్యాసు ఇంజన్లు కూడా మొదట ఆగాయి. అయినా బ్యాటరీ, సౌరపలకలు అత్యవసరమైన వాటిని నిలబెట్టాయి. తర్వాత ఇంజన్లను తిరిగి నడిపించి, లైను వచ్చేదాకా అక్కడి ఆసుపత్రికి కరెంటు ఇచ్చారు.

ఈ మారడం ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చూద్దాం. మొదట ఊరికీ, పెద్ద లైనుకూ మధ్య వున్న స్విచ్చి తెరుచుకోవాలి. ఇది తెరుచుకున్నదని రూఢి అయిన తర్వాతనే సొంత తాళం మొదలు కావాలి. లైన్‌మన్ ప్రాణం ఈ ఒక్క స్విచ్చి మీద వుంది. రెండో మెట్టు, ఒక ఇన్వర్టరు పెద్దరికం వహించి తాళం వేయాలి. దానికి వెనుక బ్యాటరీ వుండాలి. ఒక మబ్బుతునక అడ్డువస్తే పలకల కరెంటు క్షణంలో పడిపోతుంది గనుక. మూడో మెట్టు, అవసరం లేని బరువులు దించాలి. నాలుగోది తిరిగి కలవడం. లైను రాగానే గభాలున కలిపితే ఇన్వర్టరు కాలిపోతుంది. పరుగెత్తే బండి ఎక్కేవాడు దానితో సమానంగా నాలుగడుగులు పరుగెత్తి ఎక్కుతాడు గదా! అలాగే వోల్టేజి, తాళం, తాళంలో ఎత్తుగడ, ఈ మూడూ కలిసినప్పుడే స్విచ్చి పడాలి. చిన్న కేంద్రాలకు తాళంలో తేడా 0.3, వోల్టేజిలో తేడా నూటికి 10 దాటరాదని పైన చెప్పిన ప్రమాణం చెబుతున్నది.

మన దేశపు అనుభవం కూడా చూడండి. 2014లో బీహారులోని ధర్నయి గ్రామంలో 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ పెట్టారు. అది సొంత కరెంటే. కొద్దికాలానికే ఊరికి చౌకగా పెద్ద లైను వచ్చింది. జనం అటు మళ్ళారు. పొత్తులో కలిసే దారి చిన్న గ్రిడ్డుకు లేకపోయింది. బ్యాటరీలు ముసలివై, చివరకు ఆ ఏర్పాటు మూలపడింది. ఇందుకు ఎదురు పాఠం గుజరాతులోని ధుండి గ్రామానిది. అక్కడ రైతులు 2015–16లో సౌరపంపుల సహకార సంఘం పెట్టుకుని, నీళ్ళు తోడగా మిగిలిన కరెంటును విద్యుత్ సంస్థకు అమ్మారు. మన రాష్ట్రంలో విజయనగరం జిల్లా సవరవిల్లి ఫీడరు మీద 250 పంపుసెట్లకు సౌరపలకలు పెట్టి గ్రిడ్డుకు కలిపే ప్రయోగం చేశారు. 2019లో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. కుసుమ్ పథకం ప్రకటించింది. అందులో 'బి' భాగం లైను లేని పంపులకు, 'సి' భాగం లైనుకు కలిసిన పంపులకు. అంటే ఒకటి సొంతం, ఒకటి పొత్తు. 'సి' తరహా పంపు పెట్టుకునే రైతు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి: ఎండ వున్న వేళ ఫీడరులో కరెంటు వుంటేనే మిగులు అమ్ముడవుతుంది. ఫీడరు కట్టేసిన గంటల్లో ఎంత ఎండ కాసినా ఆ కరెంటు వృథా.

ఇక వేటపాలెం సంగతికి వద్దాం. సముద్రం కూతవేటు దూరం. 1977 నవంబరు 19 ఉప్పెనను ఈ తీరం మరచిపోలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరనే తీరం దాటింది. తుపానులో మొదట ఒరిగేది కరెంటు స్తంభం. ఆఖరున నిలబడేదీ అదే. స్తంభాలు ఎత్తి తీగలు లాగేదాకా ఊరు లంకే. ఆ లంకలో మంచినీళ్ళ మోటారు, ఆసుపత్రిలో టీకాలు వుంచే ఫ్రిజ్, నాలుగు దీపాలు, సెల్‌ఫోను చార్జింగు నిలబడితే ఊరు నిలబడినట్టే.

లెక్క చూడండి. 1 హెచ్.పి. నీళ్ళ మోటారు గంటకు సుమారు 1 యూనిటు కాలుస్తుంది; 3 గంటలు తోడితే 3 యూనిట్లు. 9 వాట్ల దీపాలు 20, రాత్రి 10 గంటలు వెలిగితే 1.8 యూనిట్లు. ఫ్రిజ్‌కు, ఫోన్లకు రెండు రెండున్నర వేసుకోండి. మొత్తం రోజుకు 7 యూనిట్లు. మంచి ఎండలో 1 కిలోవాటు పలకలు రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. ముసురు పట్టిన రోజున అందులో నాలుగో వంతు కూడా రాకపోవచ్చు. కనుక రెండు రోజుల బ్యాటరీ, అంటే 14 యూనిట్లు వాడుకోగలిగినది, వుండాలి. పొలాల మోటార్లన్నిటినీ తుపాను రోజున నడపాలనుకుంటే ఏ బ్యాటరీ చాలదు. ఆ రోజున నడపవలసిన పనీ లేదు.

ఇక్కడి ఇసుక నేలల్లో దొరువులు మీకు కొత్త కాదు. పైన తేలే మంచినీటిని నిదానంగా తోడాలి. గబగబా లాగితే కింది ఉప్పునీరు పైకి లేస్తుంది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధనా కేంద్రం ఇసుకలో గొట్టాలు పరిచి, నీటిని ఒక బావిలోకి చేర్చే మెరుగైన దొరువు పద్ధతి రూపొందించింది. ఎండతో పాటు నెమ్మదిగా నడిచే సౌరపంపు ఈ నేలకు తగినది.

విస్తరణ సిబ్బంది రైతుకు చెప్పవలసిన మాటలు ఇవి. ఇన్వర్టరు కొనేముందు, లైను పోయినప్పుడు ఇది నడుస్తుందా ఆగుతుందా అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకు 5 నుంచి 7 రెట్లు కరెంటు లాగుతుంది. ఇన్వర్టరు అంత ఇవ్వలేదు; మెల్లగా వేగం పెంచే డ్రైవు వుండాలి. లైను మీద తీగలు కలిసిపోతే ఫ్యూజు టప్పున పోతుంది. ఇన్వర్టరు మీద అయితే అంత కరెంటు రాదు గనుక ఫ్యూజు పోకపోవచ్చు. అందుచేత సొంత పద్ధతికి వేరే రక్షణ, సొంత ఎర్తింగు తప్పనిసరి. విడదీసే స్విచ్చిని విద్యుత్ సంస్థకు చూపించి, అనుమతి పొంది మాత్రమే పెట్టాలి. పాత ఇన్వర్టరును విప్పి, ఆగకుండా నడిచేట్టు చేస్తామని ఎవరైనా చెబితే ఆ మాట వినవద్దు. ఒక కుటుంబం దిక్కులేనిదవుతుంది.

సోదరులారా, డెబ్బయి ఏళ్ళ కిందట మనవారు లంకలన్నీ కలిపి పొత్తు కట్టారు. అది మంచి పనే. ఆ పొత్తువల్లనే మెట్టలో మిరప పండింది. ఇప్పుడు పొత్తు విడవకుండానే, అవసరం పడితే ఒక పూట సొంతంగా బతకడం నేర్చుకోవాలి. పెద్ద చెరువు నిండుగా వున్నా ఇంట్లో ఒక కుండెడు నీళ్ళు పోసి వుంచుకుంటాం గదా! తుపాను కాలం రాకముందే మీ పంచాయితీలో ఈ సంగతి కూర్చుని మాట్లాడుకోండి. ఊరికి తప్పనిసరి బరువులేవో ఒక చీటీ మీద రాసుకోండి. చీటీ పొడుగు ఎంత తగ్గితే ఖర్చు అంత తగ్గుతుంది.